బొద్దమ్మ గిన్నెలో కొసరు

మా పెద్దమ్మ వడ్డనలో కొసరు లేకుండా ఉండదు. వద్దని చెయ్యి అడ్డం పెడితే చేతి మీదే వేస్తుంది. అలాంటి మనిషికి అడవిలో పక్షులకు మేత పెట్టే ఉద్యోగం దొరికింది. ఇంకేముంది, వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది.

ఎగరలేని పచ్చని చిలుకలవి. నేల మీదే కాపురం. మిగిలినవే కొద్ది, అందులోనూ ఆడవి మరీ తక్కువ. వాటికి బలం వచ్చి గుడ్లు పెట్టాలని చెట్ల కింద గిన్నెలు పెట్టారు. గిన్నె ముందు తూకం బల్ల ఉంటుంది, పక్షి దాని మీద ఎక్కి తినాలి. పెద్దమ్మ చేతి చలవ, ఒక చిలుకకు బొద్దమ్మ అనే పేరే వచ్చింది. అది గుడ్లు పెట్టింది, పిల్లలు లేచాయి. మేమంతా కాలరెగరేశాం.

తీరా చూస్తే అన్నీ మగవే. మరుసటిసారీ అంతే. పక్షుల డాక్టరమ్మ అసలు సంగతి చెప్పింది. ఈ జాతిలో తల్లి మరీ ఒళ్ళు చేస్తే కొడుకులే ఎక్కువట. ఆడపిల్లలు పుట్టకపోతే ఈ వంశం ఇక్కడితో సరి.

"గుడ్లు పెట్టేదాకా బొద్దమ్మ గిన్నె మూసెయ్యండమ్మా" అంది.

"తల్లి కాబోయేదాని నోటికాడ కూడు తియ్యమంటావా? నాకు చేతులు రావు" అంది పెద్దమ్మ.

నాకూ ఒళ్ళు మండింది. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల మా పెద్దమ్మకు మేత పెట్టడం నేర్పుతుందా అని ఇంట్లో నోరు చేసుకున్నాను. పెద్దమ్మ మాత్రం తెల్లారి వెళ్ళి మూతకు గొళ్ళెం పెట్టింది. బొద్దమ్మ ముక్కుతో మూత కొడుతూనే ఉంది. పెద్దమ్మ అటు తిరిగి కూర్చుని కళ్ళు తుడుచుకుంది.

"తిట్టుకోవే, ఎంతైనా తిట్టుకో. నీకు కూతురు పుట్టాక మాట్లాడుకుందాం."

అడవిలో దొరికింది తిని బొద్దమ్మ కాస్త చిక్కింది, గుడ్లు పెట్టింది. పిల్లలు లేచాక డాక్టరమ్మ పరీక్ష చేయించి, రెండూ ఆడపిల్లలేనని చెప్పింది. ఆ రోజు మా పెద్దమ్మను చూసి నా గుండె పొంగిపోయింది. పెట్టే చెయ్యి ఎవరికైనా ఉంటుంది, ఆపుకునే చెయ్యి ఎందరికుంటుంది?

ఆమె మాత్రం ఒకటే అడిగింది. "ఇక పెట్టొచ్చా?"

పిల్లల్ని సాకే తల్లి కదా, కడుపునిండా పెట్టమంది డాక్టరమ్మ. పెద్దమ్మ గొళ్ళెం తీసి, గిన్నె నింపి, ఒక్కక్షణం ఆగి ఆమె వైపు చూసింది. డాక్టరమ్మ మేత డబ్బా ముందుకు జరిపింది. పెద్దమ్మ కొసరు వేసింది.