పిండి మేక, పేగు మొలక

ఒక ప్రాణం నిలవడానికి మరో ప్రాణాన్ని బలి ఇవ్వక తప్పదన్న మాటను మనసారా ఏనాడూ ఒప్పుకోని ఒక మనిషిని తలచుకునే సందర్భమిది. మా పక్కింటి పశువైద్యురాలు, తాడేపల్లిగూడెంలో మా వీధివారందరికీ డాక్టరమ్మగారు, కిందటి వారం కొల్లేటి ఒడ్డున ఒక పల్లెలో గేదె కొమ్ముకు కడుపు చీలి కన్నుమూశారు. చర్చిలో జరిగిన ఆదరణ కూడికలో నన్నూ మాట్లాడమన్నారు. పురాణాలు చెప్పి బతికినవాణ్ణి, ఆ వేళ లేచి దండం మాత్రం పెట్టి కూర్చున్నాను. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

కబురు తెచ్చింది ఆ గేదె యజమానే. చొక్కా నిండా రక్తంతో మా అరుగు ముందు కూలబడ్డాడు. దూడ అడ్డం తిరిగి గేదె అవస్థ పడుతుంటే, రిటైరైనా పిలిస్తే కాదనరని ఆమెను తీసుకువెళ్లాడు. చెయ్యి లోపల పెట్టి దూడను సరిచేస్తుండగా గేదె పలుపు తెంపుకుని తిరగబడింది. గోడకు అదిమి పొడిచింది.

"గునపం ఎత్తానండి, దాని బుర్ర బద్దలు కొట్టేద్దామని. బయటికొచ్చిన పేగులు ఓ చేత్తో పట్టుకుని, రెండో చేత్తో నన్ను ఆపారండి. 'కొట్టకయ్యా, నొప్పుల మీదుంది. ముందు దూడ సంగతి చూడండి' అన్నారు. అదే ఆఖరి మాట. ఆటోలో తెస్తుంటే భీమడోలు చేరకముందే పోయారండి" అన్నాడు.

ఆమె జీవితమంతా పేగులతోనే గడిచింది. విరేచనాలు పట్టించే పారుడు రోగం దూడలను ఎలా చంపుతుందో పరిశీలించడం ఏలూరు దగ్గరి ప్రయోగశాలలో ఆమె పని. తొలినాళ్లలో అందుకు ఒకటే దారి ఉండేది. బాగున్న దూడకు రోగం ఎక్కించాలి. కళ్లు గుంటలు పడి అది కూలిపోయే దశలో సూదితో చంపి, ఒంటి వేడి ఆరకముందే పొట్ట కోసి, పేగును బారలు బారలుగా బయటికి లాగాలి.

"చంపబోయే ముందు కూడా నా చెయ్యి నాకుతుందండి మాస్టారూ, ఉప్పు కోసం. ఆ చేత్తోనే సూది గుచ్చాలి" అన్నారు ఒకసారి. మా ఇంట కాఫీ గ్లాసు అందుకునే ముందు ఆమె మోచేతుల దాకా చేతులు కడుక్కునేవారు. ప్రయోగశాలలో కడిగి, తమ ఇంట్లో మళ్లీ కడిగి వచ్చిన చేతులవి.

ఆ చేతులే ఇంకో దారి వెతికాయి. మాంసం కోసం ఎలాగూ తెగిన పశువు నుంచి వేలెడంత పేగు ముక్కను కబేళాలో అడిగి, మంచుపెట్టెలో తెచ్చేవారు. దాని లోపొర కణాలను విడదీసి జిగురు చుక్కల్లో నాటి, పోషక ద్రవం పోసి, ఒంటి వేడిలో ఉంచేవారు. కొద్ది రోజులకు అవి బోలుగా ఉబ్బి మొగ్గలు తొడిగేవి. సూక్ష్మదర్శినిలో నాకూ చూపించారు. ఉడికిన సగ్గుబియ్యపు గింజల్లా ఉన్నాయి. దూడ లేకుండా బతికే దూడ పేగులు.

"వీటికో తెలుగు పేరు పెట్టండి" అన్నారు. "ఆంత్రాంకురం" అన్నాను.

"అది పలికేలోపు అవి చచ్చిపోతాయండి. పేగు మొలకలు అనుకుంటాను లెండి" అని నవ్వారు.

ఇంకోనాడు నేను పిష్టపశువు ప్రస్తావన తెచ్చాను. యజ్ఞంలో మేకను చంపడానికి మనసొప్పక, పిండితో మేకను చేసి దాన్నే బలి ఇవ్వడం కొందరు వైదికుల ఆచారం. మీ మొలకా అటువంటిదే కదా అన్నాను.

ఆమె కాఫీ గ్లాసు పక్కన పెట్టారు. "మా బైబిల్లోనూ తండ్రి బలి ఇవ్వబోయిన కొడుకు బదులు పొట్టేలు దొరికిందండి. పాపం, ఆ పొట్టేలు మాట ఎవరూ ఎత్తరు. దానికన్నా మీ పిండి మేకే నయం. కానీ మీ మేకకి రోగం రాదు కదండీ. నా మొలకకి రావాలి. వస్తేనే దూడ బతుకుతుంది."

ఆ నమ్మకానికి పరీక్ష వచ్చింది. ఒక కొత్త మందు గుణం చూడడానికి కొట్టంలో దూడలను కట్టేశారు. మొలకలను గడ్డకట్టించి దాచి, కావలసినప్పుడు తిరిగి బతికించి చూపితే దూడలను వదిలేస్తామన్నాడు పై అధికారి. లేకుంటే పాత పద్ధతే. ఆమె మొలకలను నిండుగా పెంచి, ఆ తరువాతే దాచారు. కరిగించి చూస్తే ఒక్కటీ బతకలేదు.

"మీ మొలకల పేరంటం అయిపోయిందా అండీ? ఇక కత్తి తియ్యండి" అన్నాడట ఆ అధికారి. మొదటి దూడను ఆమే చంపారు. మరొకరి చేతిలోనైతే ఎక్కువ బాధపడుతుందని.

ఆ సాయంత్రం మా అరుగు మీద కూర్చుని అన్నారు: "విత్తనం ముదిరాకే దాచాలని మా నాన్న చేలో నేర్పారండి. ఇక్కడా అదే చేశాను. ఎదిగిన మొలక లోపలంతా నీరే. ఆ నీరు గడ్డకట్టి, గాజుపెంకుల్లా లోపల్నుంచే కోసేసింది. కబేళా కత్తి కన్నా ఘోరమండి."

మిగిలిన దూడల వంతు రాకముందే, కొత్త మొలకలను చిన్న ముక్కలుగా విడగొట్టి, లేతగా ఉండగానే నెమ్మదిగా చల్లబరిచి, ద్రవ నత్రజనిలో దాచారు. ఈసారి వాటిని వెచ్చని నీటిలో చప్పున కరిగించి నాటితే మళ్లీ ఉబ్బాయి, మొగ్గ తొడిగాయి. రోగం ఎక్కిస్తే చితికి చచ్చాయి. మందు తగిలినవి నిలిచాయి. దూడల పలుపులు ఆమె తన చేతులతోనే విప్పారు.

"ఇప్పుడు సంతోషమేనా?" అని అడిగాను.

"మొదటి దూడ పలుపు ఇంకా గుంజకే ఉందండి" అన్నారు.

నిన్న నేను ఆ కొల్లేటి పల్లెకు వెళ్లాను. కైకలూరు నుంచి వచ్చిన మరో డాక్టరు ఆనాడే దూడను ప్రాణాలతో తీశారట. ఎంత కడిగినా గోడ మీది మరక పోలేదు. దాని పక్కనే గేదె నెమరు వేస్తోంది. ఇంత పని చేసిన పశువును కబేళాకు తోలెయ్యలేదేమని నాతో వచ్చిన మా వీధివారు అడిగారు. "కొట్టొద్దన్నారు కదండీ ఆవిడ. కొయ్యమని ఎలా ఇస్తాం" అన్నాడు యజమాని. ఈలోగా దూడ తడబడుతూ వచ్చి, గరుకు నాలుకతో నా చెయ్యి నాకింది, ఉప్పు కోసం. చాలాసేపు ఆ చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయాను.

ఆ ప్రయోగశాలలో నేడు పనిచేస్తున్న పిల్లలారా, ఆమె దాచిన మొలకలు మీ దగ్గర ఇంకా ఉన్నాయని విన్నాను. మీరు కరిగించిన ప్రతి మొలకా ప్రాణం పోసుకొనుగాక. మీ కొట్టంలో పలుపులు ఖాళీగా వేలాడుగాక. దూడలు మీ చేతులు నాకుగాక, ఆ చేతులను రెండోసారి కడుక్కోవలసిన అవసరం మీకు రాకుండుగాక.