తుడవని రంపం

నిచ్చెన బాబాయి నిచ్చెన ఎక్కడం మానేసి చాలాకాలమైంది. చెట్ల కొమ్మలు కత్తిరించడం ఆయన పని. ఇప్పుడు నడుముకు పట్టీ బిగించుకుని తాడు మీద ఎక్కుతాడు. పని నేర్చుకునే రోజుల్లో ఎప్పుడూ భుజాన నిచ్చెనతో కనపడేవాడట, పేరు అప్పుడు ఎక్కింది. నిచ్చెన దిగినా పేరు దిగలేదు.

నాది రంపాలు బాగుచేసే దుకాణం. మోటారు రంపాలు, గడ్డి కోసే యంత్రాలు, ఏమీ లేనప్పుడు కుట్టుమిషన్లు. యజమానిని చూడకుండా నేను గుర్తుపట్టగలిగిన రంపాలు బాబాయివే. చైను మీద పళ్ళన్నీ ఒకే పొడవుంటాయి. చెయ్యి వాటాన్ని బట్టి చాలామంది ఒక వైపు పళ్ళనే ఎక్కువ ఆకురాయితో అరగదీస్తారు. ఆ రంపం కోతలో పక్కకు లాగుతుంది. బాబాయి రంపం దారం పట్టినట్టు తిన్నగా దిగుతుంది. "పన్ను బాగుంటే నమలడం తేలిక" అనేవాడు. అంతకు మించిన ఉపన్యాసం ఆయన నోట నేను వినలేదు.

చెట్ల కొమ్మలను చలికాలంలో కొయ్యాలి. ఆకు రాలి చెట్టు ఎముకల గూడులా కనపడుతుంది. ఏ కొమ్మ ఏ కొమ్మను రాస్తోందో, ఏది ఎండిందో తెలుస్తుంది. బాబాయి ముందు కొమ్మ కింద చిన్న గాటు పెడతాడు, బరువుకు విరిగి బెరడు చీరుకుపోకుండా. తర్వాత పైనుంచి కోస్తాడు. కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే మడతను మాత్రం ముట్టుకోడు. "అది చెట్టు తనకు తాను కట్టుకునే కట్టు. దాన్ని కోస్తే గాయం మానదు" అంటాడు.

కింద పిన్ని ఉంటుంది. తాడు పట్టేది, దారిన పోయేవాళ్ళను ఆపేది, కొమ్మ పడే ముందు ఈల వేసేది ఆవిడే. వాళ్ళిద్దరికీ ఒక పద్ధతి ఉంది. ఒక చెట్టు అయిపోగానే బాబాయి రంపాన్ని తాడుకు కట్టి దింపుతాడు. పిన్ని చైను మీద స్పిరిట్ చల్లి, పొట్టు లేకుండా గుడ్డతో తుడుస్తుంది. ఆ తర్వాతే అది ఇంకో చెట్టు ఎక్కాలి. ఒక చెట్టు జబ్బు ఇంకో చెట్టుకు రంపం మోసుకుపోకూడదని.

కిందటి చలికాలం మా వీధి వంతు వచ్చింది. వీధికి ఒక పక్కనే చెట్లు, వెడల్పాటి ఆకులవి. దర్జీ ఇంటి దగ్గర మొదలై, రొట్టెల దుకాణం దాటి, నా దుకాణం దాటి, మలుపు దాకా ఒకే వరస. దానికి కొద్దిరోజుల ముందే ఆ వరస పక్కన కందకం తవ్వి కొత్త నీళ్ళ గొట్టాలు వేశారు. వేసింది పిన్ని సొంత తమ్ముడు. వీధిలో అందరూ గొట్టాలాయన అంటారు.

బాబాయి దర్జీ చెట్టుతో మొదలుపెట్టాడు. ఒక కొమ్మ తెగిన చోట నల్లటి చార కనపడింది. తడిగుడ్డ మీద సిరా చుక్క పడ్డట్టు, నడిమి నుంచి అంచుకు పాకుతూ. నీళ్ళు దిగిన మరక అనుకున్నాడు. అనుకున్నాడో, అనుకోవాలనుకున్నాడో ఆయనకే తెలియాలి. రంపాన్ని కిందికి దింపాడు. ఆ పొద్దున చలి కొరికేస్తోంది. స్పిరిట్ తగిలి పిన్ని వేళ్ళు చీలిపోయి ఉన్నాయి.

"వదిలెయ్యవే ఈ పూటకి. ఆ వేళ్ళు చూడు ఎలా ఉన్నాయో" అన్నాడు పైనుంచి.

"తర్వాత నన్నే అంటావు."

"అననులే. కట్టు తాడుకి. ఇవాళ వీధంతా అయిపోవాలి."

పిన్ని గుడ్డను భుజాన వేసుకుని తుడవని రంపాన్ని తాడుకు కట్టింది. ఒక చెట్టయింది, ఇంకోటయింది. రొట్టెల దుకాణం చెట్టు సగంలో ఉండగా చైను తెగింది. రంపం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"మేకు. బన్నుల బోర్డు కోసం కొట్టారు. చెట్టేమన్నా గోడా?" అని విసుక్కున్నాడు.

కడిగి, కొత్త చైను వేసి పెట్టుకున్న నా రంపం ఇచ్చాను. రొట్టెల దుకాణం చెట్టు మిగతా సగం, నా చెట్టు, మలుపు దాకా అన్నీ దానితోనే ముగించాడు.

ఆకులు వచ్చే కాలానికి అన్నిటికీ వచ్చాయి. ఎండలు ముదిరాక దర్జీ చెట్టు ఒక వైపు వాడింది. తర్వాత దాని పక్కది, తర్వాత దాని పక్కది. ఎవరో ఒక్కో దీపం ఆర్పుకుంటూ నడిచొచ్చినట్టు ఎండడం వరస వెంట కదిలి వచ్చింది. రొట్టెల దుకాణం చెట్టు దగ్గర ఆగింది. నా చెట్టు పచ్చగా ఉంది. దాని అవతలివీ పచ్చగా ఉన్నాయి.

వీధికి కారణం కావాలి. కారణం తాజాగా పూడ్చిన కందకం రూపంలో కళ్ళముందే ఉంది.

"చెట్ల వేళ్ళు నరికేసి ఉంటాడు. పని తొందరలో ఎవరు చూస్తారు?" అన్నాడు దర్జీ.

పార్కుల ఆఫీసరమ్మ వచ్చి వరసంతా తిరిగి చూసి, చివరికి బాబాయిని అడిగింది. "రోజూ చెట్ల మీద ఉండేవారు మీరు. మీరేమంటారు?"

బాబాయి కందకం మట్టి వంక చూశాడు. "వేళ్ళ పక్కన తవ్వితే ఏ చెట్టయినా ఊరుకుంటుందా అండీ" అన్నాడు.

అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. అదే అందులోని దుర్మార్గం.

గొట్టాలాయనకు వీధుల పని ఆగిపోయింది. ఇళ్ళలో కారే కుళాయిలు బిగించుకుంటూ తిరిగాడు. అక్కడా మాటలు తప్పలేదు. "మా పెరట్లో మొక్క ఉందయ్యా, కాస్త దూరంగా నడువు" అని నవ్వేవాళ్ళు. ఆదివారాలు అక్క ఇంట్లో భోజనం చేసి, బావ మీద నాలుగు జోకులు వేసి పోయే మనిషి, ఆ గుమ్మం తొక్కడం మానేశాడు.

"వేళ్ళ చుట్టూ చేత్తో మట్టి తీసి, కింద నుంచి గొట్టం దూర్చానంటున్నాడు" అని పిన్ని ఒకరోజు కంచం ముందు పెడుతూ అంది.

"అయ్యుండొచ్చు."

"అయ్యుండొచ్చేంటి? వాడు నాతో అబద్ధమాడతాడా?"

బాబాయి దొంగకు తేలు కుట్టినట్టు కూర్చుని అన్నం కలిపాడు. గుడ్డ తన భుజం మీదే ఉండిపోయిన సంగతి పిన్నికీ గుర్తుంది. చెట్టు మీద ఆయన చూసిన చార సంగతి మాత్రం ఆవిడకు తెలియదు.

నా దుకాణానికి రావడం ఆయన మానలేదు. కానీ పచ్చగా ఉన్న నా చెట్టుకు వీపు పెట్టి కూర్చునేవాడు. ఒకసారి ఉన్నట్టుండి అడిగాడు.

"ఆ రోజు నువ్విచ్చిన రంపం కడిగిందేనా?"

"కడిగి, కొత్త చైను వేసి ఇచ్చాను బాబాయి. ఏం?"

"ఏం లేదు" అన్నాడు. టీ సగం వదిలేసి లేచిపోయాడు. పదునుగా ఉన్న చైన్లనే మళ్ళీ మళ్ళీ తెచ్చి పదును పెట్టమనేవాడు. పెట్టడానికి పన్ను మిగలదు బాబాయి అంటే, "అయితే కడుగు" అనేవాడు. పని మీద అంత భక్తి ఉన్న మనిషికి ఏదో తెగులు పట్టిందని అర్థమైంది. ఏ తెగులో అర్థం కాలేదు.

మళ్ళీ చలికాలం వచ్చింది. చచ్చిన చెట్లను కూల్చాలి, బతికిన వాటిని కత్తిరించాలి. పని ఎక్కువని ఆఫీసరమ్మ ఇంకో ముఠాను కూడా పిలిపించింది. అందరూ కలిసి దర్జీ చెట్టును కూల్చారు. మొద్దు ముఖం మీద నల్లటి చారలు బండి చక్రం ఆకుల్లా నడిమి నుంచి అంచుల దాకా పరుచుకుని ఉన్నాయి. బాబాయి దాన్ని చూస్తూ నిలబడిపోయాడు.

అప్పుడు గొట్టాలాయన పార భుజాన వేసుకుని వచ్చాడు.

"ఎలాగూ పడగొట్టారు కదా. మొదలు తవ్వి చూద్దాం. నేను నరికిన వేరు ఒక్కటి చూపించండి, ఈ పారతోనే నన్ను పాతిపెట్టండి."

"నీకెందుకురా ఇప్పుడు..." అంది పిన్ని.

"నాకు కాక ఇంకెవరికక్కా? మీ ఆయనకు చెట్టు పోతే ఇంకో చెట్టుంది. నాకు పేరు పోతే ఇంకో పేరుందా?"

తవ్వాడు. దర్జీ, రొట్టెల దుకాణం ఆవిడ, ఆఫీసరమ్మ, నేను చుట్టూ నిలబడ్డాం. మట్టి తొలగింది. లావుపాటి వేరు ఎక్కడా గాటు లేకుండా బయటపడింది. దాని కిందుగా గొట్టం, గొట్టానికీ వేరుకూ మధ్య రాసుకోకుండా మడిచి పెట్టిన గోనె పట్టా. అంత ఓపిగ్గా చేసిన పని మట్టి కిందికి పోయింది గనుక ఎవరూ చూడలేదు.

"చూడు బావా. గాటు ఎక్కడుంది?"

బాబాయి వంగి గోనె పట్టాను వేలితో ముట్టుకున్నాడు.

"మరి చెట్టెందుకు చచ్చింది?" అన్నాడు దర్జీ.

"పురుగేమోలే" అంది రొట్టెల దుకాణం ఆవిడ.

"అయ్యుంటుంది" అంది ఆఫీసరమ్మ. గొట్టాలాయన వైపు తిరిగి, "పొరపాటు మాదేనండీ. మీ పని మీకు తిరిగొచ్చేలా చూస్తాను" అంది.

అక్కడితో అయిపోయేదే. బామ్మర్ది పేరు కడిగేసినట్టయింది, నేరం ఊరూ పేరూ లేని పురుగు మీదికి పోయింది. బాబాయి నోరు మూసుకుంటే చాలు. కానీ రెండో ముఠాలో ఒకడు దర్జీ చెట్టు మొద్దు కోసిన రంపాన్నే నడుముకు తగిలించుకుని, నా చెట్టుకు తాడు విసిరి, అప్పటికే పైకి చేరాడు. రంపం మోగింది.

"ఆపు!"

బాబాయి అంత గట్టిగా అరవడం ఎప్పుడూ వినలేదు. పరుగెత్తుకుంటూ వెళ్ళి తాడు పట్టుకుని ఊపాడు. "ఆపు! ఆ రంపం పెట్టకు దానికి! కిందికి దించు!"

రంపం ఆగింది. అందరం అటు నడిచాం. బాబాయి తాడు వదలకుండానే చెప్పాడు.

"పురుగు కాదు. నా రంపం. దర్జీ చెట్టు మీద నల్ల చార చూశాను. చూసి కూడా తుడవకుండా పక్క చెట్టు ఎక్కాను. ఎక్కిన చెట్టుకల్లా అంటించుకుంటూ వచ్చాను. రొట్టెల దుకాణం దగ్గర చైను తెగింది. ఇదుగో, ఇతను కడిగి ఇచ్చిన రంపంతో మిగతావి కోశాను. అందుకే జబ్బు అక్కడ ఆగింది. కందకం మలుపు దాకా ఉంది. కందకం వల్లయితే ఇవీ చచ్చేవి."

పిన్ని ముందుకు వచ్చింది.

"గుడ్డ నా భుజాన్నే ఉంది" అంది.

"తుడుస్తానంటే వద్దంది నేను. నీదేం లేదు."

"చార చూశానని చెప్పి ఉంటే, వేళ్ళు తెగినా తుడిచేదాన్ని కదయ్యా!"

గొట్టాలాయన పార నేలకు ఆనించి బావనే చూస్తున్నాడు.

"వేసవిలో ఎక్కడికి పోయింది బావా ఈ నోరు? చెట్టు మీద పెట్టి దింపడం మర్చిపోయావా?"

"భయమేసిందిరా."

"నీకు భయమేస్తే నన్ను పూడుస్తావా?"

అని పార ఎత్తుకుని, తీసిన మట్టిని వేరు మీదికి తిరిగి మెల్లగా లాగాడు. చచ్చిన చెట్టు వేరే అయినా పార అంచు తగలకుండా లాగాడు. గుంట పూడ్చి, అక్క వైపు కూడా చూడకుండా వెళ్ళిపోయాడు.

ఆఫీసరమ్మ కేకలు వేయలేదు. ఆ శీతాకాలం బాబాయి చెట్టెక్కడానికి లేదంది. చెట్టు చెట్టుకూ రంపాలు తుడవాలని అందరికీ చెప్పింది. ఆ తుడిచే పని నాకివ్వండి అని బాబాయే అడిగాడు.

అలా మా వీధిలో అందరికంటే పైన పనిచేసిన మనిషి, నా చెట్టు కింద బోర్లించిన డబ్బా మీద స్పిరిట్ సీసా, గుడ్డ పెట్టుకుని కూర్చున్నాడు. పైనుంచి దిగిన ప్రతి రంపాన్నీ విప్పి, చైను కిందా అది తిరిగే గాడిలోనూ ఉన్న పొట్టునంతా బ్రష్షుతో రాల్చి, తుడిచి, మళ్ళీ బిగించి పంపేవాడు. ఆయన వేళ్ళు కూడా పిన్ని వేళ్ళలాగే చీలాయి. నూనె రాసుకోమని నేను సీసా ఇస్తే పక్కన పెట్టాడు. పైవాళ్ళు తప్పుగా కోస్తున్నా నోరు మెదిపేవాడు కాదు. ఒకడు మాత్రం ఆ ఉబ్బెత్తు మడత మీద రంపం పెట్టబోతే, కూర్చున్నచోటి నుంచే "ఒక్క వేలు అవతలికి, నాయనా" అన్నాడు, బతిమాలుతున్నట్టు.

దారిన పోయేవాళ్ళు ఊరుకుంటారా? "ఏం నిచ్చెన బాబాయ్, కిందికి దిగిపోయావే?" అని అడిగేవాళ్ళు. "దిగాల్సొచ్చింది" అనేవాడు. బెంగ ఒక్కటే, పచ్చగా ఉన్న చెట్లు వచ్చే ఎండల్లో పచ్చగానే ఉంటాయా అని. అది ఎండలు వస్తే గానీ తెలియదు. నాకూ ఇది రాసేనాటికి తెలియదు.

పని ముగింపుకు వచ్చిన రోజు గొట్టాలాయన అటు వచ్చాడు. మలుపు దగ్గర కందకం మళ్ళీ తెరిచి ఉంది, పని ఆయనకు తిరిగొచ్చింది. బట్టలకూ మోచేతులకూ మట్టి. పిన్ని తాడు చుడుతూ ఆగిపోయింది. ఆయన అక్కను పలకరించలేదు. తిన్నగా డబ్బా దగ్గరికి వచ్చి, మట్టి కొట్టుకుపోయిన పెద్ద పైపు రెంచీని బావ ఒళ్ళో పడేశాడు.

"ఇది కూడా తుడువు. నీ చెట్ల జబ్బు నా గొట్టాలకు అంటుకుంటుందేమో."

నాకు నవ్వు వచ్చింది. పిన్ని ముఖం తిప్పుకుంది. బాబాయి నవ్వలేదు. రెంచీని మోకాలి మీద పెట్టుకుని, స్పిరిట్ చల్లి, దవడలు తెరిచి, ఒక్కో పన్ను సందులో నుంచి మట్టి తియ్యడం మొదలుపెట్టాడు. గొట్టాలాయన తొందరపెట్టలేదు. పని అయ్యేదాకా ఎదురుగా నిలబడి, ఎక్కడన్నా వదిలేస్తాడేమో అన్నట్టు చూస్తూనే ఉన్నాడు.