లాసన్స్ బే మంచులో పార్వతిని పిలవలేదు

పోయిన నెల చోడవరం కూరల మార్కెట్లో పాత టీచరొకావిడ కలిసి, మాటల మధ్యలో, మా పెద్దమ్మాయి పెళ్ళినాడు పార్వతి ఆసుపత్రిలో ఉందని చెప్పింది. పార్వతీ నేనూ పదకొండేళ్ళు ఒకే బడిలో పాఠాలు చెప్పాం. పెళ్ళికి రాలేదని నేను ఎనిమిదేళ్ళు తనతో మాట్లాడలేదు. ఎందుకు రాలేదో కనుక్కోనైనా లేదు, అంత పొగరు నాకు. తనిప్పుడు విశాఖలో లాసన్స్ బే కాలనీలో ఉంటోందట. నంబరూ దొరికింది గానీ, ఎదురుగా నిలబడి తప్పయిందని చెప్పాలనిపించింది.

తెల్లవారుజామున అయిదింటి బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకి టికెట్ డబ్బులు లేవు. సబ్బవరం దగ్గర పొగమంచు పట్టుకుని, విశాఖ బస్ కాంప్లెక్సులో దిగేసరికి ఏడు. ఆటో అతను నూట యాభై అడిగి నూట ఇరవైకి వచ్చాడు. ఇంత మంచులో సముద్రం వినపడతాది గానీ కనపడదమ్మా అని దారంతా నవ్వాడు.

ఏడున్నరకి పార్వతి వాళ్ళ సందు మొగలో దిగాను. నాలుగు ఇళ్ళవతల గేటు ముందు కారు ఆగి ఉంది. బ్యాగు పట్టుకుని ఒకావిడ బయటికొచ్చింది. కుడి భుజం కాస్త వంచి నడిచే ఆ నడక పార్వతిదే! నోటిదాకా వచ్చిన పేరుని మింగేశాను. బయల్దేరే మనిషిని వెనక నుంచి పిలవకూడదని మా అమ్మ నేర్పింది. తను కారు పక్కన కాసేపు నిలబడి, ఎక్కి వెళ్ళిపోయింది. ఎక్కడికని వాచ్‌మన్‌ని కూడా అడగలేదు, ఆ మాటా అడగకూడదు కదా. ఏ గుడికో అయ్యుంటుంది, వచ్చేస్తుందిలే అనుకున్నాను.

అలా ఆ కాలనీ అంతా తిరిగాను. ఉప్పుగాలికి తుప్పుపట్టిన బాల్కనీ ఊచలు, తడిసిన బోగన్‌విల్లా, మంకీ క్యాపుల్లో నడకకి వచ్చిన పెద్దమనుషులు. చేపల తట్టతో వచ్చిన ఒకావిడ ఒక్కో గేటు దగ్గరా కేకేసి మంచులో కలిసిపోయేది. బండి దగ్గర ఇడ్లీ ముప్పై రూపాయలు, అల్లం చట్నీ బాగుంది. నిజం చెప్పొద్దూ, చాలా హాయిగా ఉంది.

తొమ్మిదిన్నరకి తిరిగొచ్చి వాచ్‌మన్‌ని అడిగాను.

"ఆయమ్మ యెలిపోనారు కదమ్మా. ఇల్లు కాళీ సేసేసేరు. బెంగుళూరు, కూతురి దగ్గరికి" అన్నాడు.

వెంటనే పార్వతికి ఫోన్ చేశాను. అప్పుడే రైలు కదిలిందట.

"నిన్ను సూసేనే" అంది పార్వతి. "పిలుస్తావేమోనని కారు దగ్గర నిలబడ్డాను."

"బయల్దేరినావు కదాని, వెనక నించి పిలవకూడదని ఊరుకున్నానే" అన్నాను.

పార్వతి నెమ్మదిగా అంది. "ఎనిమిదేళ్ళ బట్టీ బయల్దేరతానే ఉన్నానేటే?"

తప్పయిందని చెబుతుండగానే లైను తెగిపోయింది. మళ్ళీ చేస్తే కలవలేదు.

గేటు పక్క అరుగు మీద కూర్చుని ఏడ్చాను. వాచ్‌మన్ మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. మా అమ్మ నేర్పిన పద్ధతులన్నీ నేను పాటిస్తానని మా వాళ్ళంతా మెచ్చుకుంటారు. నిజానికి నాకు నోరు విప్పడం కష్టమైన చోటల్లా ఏదో ఒక పద్ధతి గుర్తొస్తుంది. ఆ కాలనీ ఎంత అందంగా ఉందో చెప్పడానికి కూడా ఇప్పుడు సిగ్గుగా ఉంది.

వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. చలికాలంలో అక్కడ మంచు తొమ్మిది దాకా విడవదు, సముద్రం చూడాలంటే ఆ తర్వాతే వెళ్ళండి. తిరుగు ప్రయాణం రైల్లో అయితే కంగారు పడక్కర్లేదు. కాలనీ నుంచి స్టేషనుకి ఆటోలో అరగంట చాలు. నేను ఆ పొద్దున్న రెండు గంటలు తిరిగాను.