గోడ మీద పాట

మా చర్చి గోడ మీద పాటల అక్షరాలు చూపించే ప్రోగ్రాం నేను రాసిందే. ఏడో తరగతితో బడి మానేసి, అమలాపురంలో రేడియోలు బాగుచేసి బతికినవాణ్ణి. కంప్యూటరు నాకెవరూ నేర్పలేదు. పాత పుస్తకాలు కొనుక్కుని, తప్పులు చేసుకుంటూ నేర్చుకున్నాను. నల్లటి తెర, ఆకుపచ్చ అక్షరాలు. చరణం నంబరు నొక్కితే చరణం వస్తుంది, పొడుగు మీట నొక్కితే పల్లవి. అంతే. ఏళ్ళ తరబడి ఒక్క ఆదివారం కూడా ఆగలేదు.

దాన్ని తీయించేసినవాడు మా సంఘ పెద్దగారి అల్లుడు. హైదరాబాదులో యాప్‌లకి తెరలు గీసే ఉద్యోగం. కమిటీ అందరి ఎదుటా నా తెర చూసి నవ్వేడు.

"తాతగారూ, ఏమీ అనుకోకండి. ఇది పాటలా లేదండి, కరెంటు బిల్లులా ఉంది."

అందరూ నవ్వేరు. అల్లుడుగారు నవ్వితే నవ్వకుండా ఎవరుంటారు మా వైపు? ఎవరు ఏ కుర్చీలో కూర్చుని నవ్వేరో ఇప్పటికీ చెప్పగలను.

అతని ప్రోగ్రాంలో వెనకాల జలపాతం కదులుతుంది, అక్షరాలు పొగలా కరిగి మళ్ళీ పుడతాయి. మీట నొక్కడానికి మనిషే అక్కర్లేదట. రికార్డు చేసిన పాట కొలత ప్రకారం దానంతటదే ముందుకి పోతుందట.

"మా పాట కొలత ప్రకారం నడవదండీ" అన్నాను. మా ఆడవాళ్ళకి మనసు పొంగితే పల్లవి రెండుసార్లంటారు, ఐదుసార్లంటారు. అది ఆ పూట తేలాల్సిందే.

"అవన్నీ తర్వాత సర్దుకోవచ్చండీ. ముందు చూడ్డానికి బాగుండాలి" అన్నాడు.

కోతల పండగ రానీ, అనుకున్నాను.

వచ్చింది. చర్చి నిండా జనం, గుమ్మం పక్కన కానుకగా తెచ్చిన అరటి గెలలు. పాట ఎత్తే ఆవిడ, చర్చి అందరికీ అక్కయ్యగారే, పల్లవి మూడోసారి అందుకునేసరికి గోడ మీద రెండో చరణం వచ్చేసింది. ముందు బల్లల వాళ్ళు ఆవిడతో పాడుతున్నారు, వెనక బల్లల వాళ్ళు గోడతో. కాసేపటికి రెండు పాటలయ్యేయి. అల్లుడుగారు ల్యాప్‌టాప్ మీద వంగి వెనక్కి నొక్కుతుంటే అక్షరాలు పొగలా కరుగుతూ తీరిగ్గా వస్తున్నాయి. నేను చేతులు కట్టుకుని చూసేను. తప్పంటే అనండి, కడుపు నిండిపోయింది.

పాస్టరుగారు తనే దిగి వచ్చేరు. "తాతగారూ, వచ్చే వారం నుంచి మీదే పెట్టండి."

"నాకెందుకండీ, బిల్లులు కొట్టుకునేవాణ్ణి" అన్నాను. ఇంకా రెండు మూడుసార్లు అడిగించుకుని అప్పుడు "ఆయ్" అన్నాను.

ఆ మధ్యాహ్నం భోజనానికి గెలిచినవాడిలా కూర్చున్నాను. "అతను చూసేవాళ్ళ కోసం రాసేడు, నేను పాడేవాళ్ళ కోసం రాసేను" అన్నాను మా ఆవిడతో.

"చూస్తేనే కదండీ పాడేది" అంది చారు పోస్తూ. "మీ అక్షరాలు నా కళ్ళకెప్పుడు ఆనేయి గనక? ఇన్నాళ్ళూ నోటికొచ్చినవే పాడేను. కొత్త పాటయితే ఊరికే పెదవులు కదిపేదాన్ని. ఈవేళ గజిబిజిలో కూడా అతని అక్షరాలు చదివేనండి."

ఇన్నాళ్ళూ వేగం చూసుకున్నాను, మీటలు చూసుకున్నాను, ఆగకుండా చూసుకున్నాను. ఆడవాళ్ళ వైపు చివరి బల్ల మీద కూర్చుని ఒక్కసారయినా గోడ వంక చూడలేదు.

అల్లుడుగారి దగ్గరికి వెళ్ళి అడగక తప్పలేదు. "ఆ అక్షరాల ఫాంటు ఇస్తారా అండీ?"

"ఆ రోజే అడిగితే ఆ రోజే ఇచ్చేవాణ్ణి కదండీ తాతగారూ" అని, కాఫీ తెప్పించి మరీ ఇచ్చేడు. ఆ మర్యాదకి నా ఒళ్ళు ఇంకా మండింది. తిట్టినా బాగుండేది.

జలపాతం పీకేసి, నల్ల తెర మీద అతని అక్షరాలు పెట్టి, నా మీటలకి తగిలించేను. ఆ ఆదివారం మీటల దగ్గర అతన్నే కూర్చోబెట్టేను. "రండి రండి, సగం మీదే కదా" అని. అంతకుముందే అక్కయ్యగారి చెవిలో వేసేను: "ఈవేళ పల్లవి మీ ఇష్టమండి, మొహమాటపడకండి."

"అల్లుణ్ణి ఏడిపించడానికేగా అన్నయ్యగారూ?"

"ఆయ్."

ఆవిడ మొహమాటపడలేదు. పల్లవి, మళ్ళీ పల్లవి, చరణం ఎత్తినట్టే ఎత్తి మళ్ళీ పల్లవి. అల్లుడుగారి చొక్కా వీపుకి అంటుకుపోయింది. తప్పు మీట నొక్కి, నా వంక చూసేడు. నేను గోడ వంక చూసేను. అక్షరాలు చివరి బల్ల దాకా ఎంత చక్కగా ఆనుతున్నాయో! ఆ మాట అతనితో ఇంతవరకూ అనలేదు. అనను కూడా.