హాజరులో చివరి పిలుపు

అక్కయ్యకు కళ్ళజోళ్ళ షాపుంది. షాపు వెనక గదిలో రేడియో ఉంది. రెండింటిలో ఏది బతుకుతెరువో, ఏది సరదానో చెప్పమంటే ఆమె భర్త నవ్వి ఊరుకుంటాడు. మేడ మీది యాంటెన్నా తీగ మీద పై వాటావాళ్ళు తడి దుప్పట్లు ఆరేస్తే మాత్రం ముందు పరిగెత్తేది ఆయనే.

సొంత సెట్లు పెట్టుకుని గాలిలో ఒకరితో ఒకరు మాట్లాడుకునే హామ్ రేడియో వాళ్ళు దేశమంతటా ఉన్నారు, వాళ్ళకొక సంఘం ఉంది. అందులో ప్రాంతానికొక నాయకుడు. ఎవరి ఉద్యోగం వాళ్ళు చేసుకుంటూ, తీరిక వేళల్లో ఊరికే పనిచేసేవాళ్ళే అందరూ. వాళ్ళని ఒక్క తాటి మీద నడిపించే బాధ్యత, వాళ్ళంతా అక్కయ్య అని పిలిచే ఈవిడది. జీతం లేనివాళ్ళ మీద పెత్తనం చేస్తే ఎవరు పడతారు? అందుకే బతిమాలుతుంది, బుజ్జగిస్తుంది, అలిగినవాళ్ళకి ఫోన్ చేసి పిల్లల చదువుల సంగతి అడుగుతుంది. రేడియో ముందు కూర్చుంటే మాత్రం వేరే మనిషి. ఆదివారం పొద్దున్న ఒక్కో ప్రాంతాన్నీ పిలిచి హాజరు తీసుకుంటూ, "అందింది, ధన్యవాదాలు" అంటుంది. అంతకు మించి ఒక్క ముక్క రాలదు.

చివరి పిలుపు ఎప్పుడూ కొండ ప్రాంతానిదే. అక్కడి నాయకుడు పశువుల డాక్టరు. వానలు పట్టుకుంటే కొండల మీద ముందు పోయేవి ఫోన్లు. అప్పుడు అక్కడి కబురు కిందికి రావాలంటే ఆయన రేడియో ఒక్కటే దిక్కు.

ఒక ఆదివారం హాజరు ఇంకా మొదలవకముందే ఆ డాక్టరు గొంతు వినిపించింది.

"నాకొద్దే ఈ నాయకత్వం. ఇవాళే మానేస్తానని చెప్పేస్తా."

"అయితే ఆవిడకి చెప్పండి. నా బుర్ర ఎందుకు తింటారు?" అది ఆయన భార్య. వెనక గిన్నెల చప్పుడు.

"ఎప్పుడూ నన్నే చివర పిలుస్తుంది. నా వంతొచ్చేసరికి సగం మంది లేచిపోతారు. ఉన్నవాళ్ళు ఆవలిస్తుంటారు. ఇంతా చేస్తే 'అందింది, ధన్యవాదాలు'! రైల్వే స్టేషన్ మైకు కూడా అంతకంటే ఆప్యాయంగా మాట్లాడుతుంది. ఆవిడ లెక్కలో నేనో రేడియో పెట్టెని, మనిషిని కాను."

ఈ రేడియోలో మాట్లాడాలంటే మైకు మీద మీట నొక్కాలి. మీట నొక్కి ఉన్నంతసేపూ అవతలివాళ్ళ మాట వినబడదు. డాక్టరు మైకుని కుర్చీలో పడేసి, చూసుకోకుండా దాని మీదే కూర్చున్నాడు. దేశమంతా వింటోంది. ఆ సంగతి ఆయనకి రేడియోలో చెప్పే దారి లేదు.

అక్కయ్య ఫోన్ చేసింది. కొండల మీద మోగిన ఆ ఫోన్ ఆమె ఎదుట స్పీకర్లోనూ మోగింది.

"అమ్మో, ఆవిడే! లేనని చెప్పు."

"ఆయన లేరండీ," అంది భార్య. ఆ అబద్ధం ఫోన్లో ఒకసారి, స్పీకర్లో ఒకసారి వినబడింది. అక్కయ్య భర్త నోట్లో తువ్వాలు కుక్కుకున్నాడు.

"లేకపోతే పోనీలేమ్మా. లేని మనిషి కూర్చున్న కుర్చీలో మైకుందేమో చూడు. మీట నొక్కుకుపోయింది."

కుర్చీ కిర్రుమంది. స్పీకరు మూగబోయింది.

ఆ రోజు కొండ ప్రాంతాన్ని పిలిస్తే జవాబు లేదు. తర్వాత ఫోన్ చేసినా ఆయన ఎత్తలేదు, భార్యే ఎత్తింది. ఆయన సిగ్గుతో చచ్చిపోతున్నాడని చెప్పింది. వానలు ముంచుకొస్తున్నాయి. ఆయన బదులు కూర్చోడానికి అక్కడ ఇంకో మనిషి లేడు.

"అసలు ఆయన్ని చివర ఎందుకు పిలుస్తావు?" అడిగాడు భర్త.

"అది కూడా చెప్పాలా? ఆయనకి తెలీదూ?"

"నీ పక్కన కూర్చునే నాకే తెలీదు. కొండ మీద ఉన్నాయనకి ఎలా తెలుస్తుంది?"

అక్కయ్య ఆ వారమంతా షాపులో తుడిచిన అద్దాలే మళ్ళీ తుడుస్తూ గడిపింది.

మళ్ళీ ఆదివారం హాజరు చివరికొచ్చింది. అక్కయ్య మీట నొక్కింది. కొండ ప్రాంతాన్ని పిలవలేదు. మీట వదలకుండానే భర్త వైపు తిరిగింది.

"టీ పెట్టారా?"

ఆయన బిత్తరపోయి మైకు వైపు వేలు చూపించాడు. ఆమె పట్టించుకోలేదు.

"డాక్టర్ని చివర ఎందుకు పిలుస్తావని అడిగారుగా? నాకు వినబడని గొంతులు కూడా కొండ మీదికి వినబడతాయి. ఆయన చివర ఉంటే హాజరులో ఎవరూ తప్పిపోరని నాకు ధీమా. ఆయన పలికాక గానీ నేనీ కుర్చీలోంచి లేవను."

"మరి ఆ మాట ఆయనతోనే అనొచ్చుగా?"

"నాకు చేతకాక మీతో అంటున్నా."

మీట వదిలేసింది. స్పీకర్లో సన్నటి హోరు తప్ప ఏమీ లేదు. ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"అక్కయ్యా, మీ మైకు మీట నొక్కుకుపోయినట్టుంది. ఒకసారి కుర్చీ చూసుకోండి."

డాక్టరు గొంతే. కాస్త బొంగురుగా ఉంది.

"ఇందాక తీరం వైపు లెక్కల టీచరమ్మ పలికింది. మీకు వినబడలేదు. ఆవిడ హాజరు వేసుకోండి. నాది కూడా."

"అందింది," అంది అక్కయ్య. ఈసారి అలవాటైన రెండో మాటతో సరిపెట్టలేదు. "ధన్యవాదాలు, తమ్ముడూ."

"బావగారు టీ పెట్టారో లేదో మాకు తెలియలేదు," అన్నాడు డాక్టరు.

భర్త అప్పుడు లేచి వంటింట్లోకి వెళ్ళాడు.