వెళ్ళకుండానే తిరిగొచ్చిన దివినా మేడం

మియాగావ్ జనం లెక్కలో దివినా మేడం అమెరికాలో ఉంది. నిజానికి ఆవిడ ఆ ఊరికి గంట దూరంలో, ఇలోయిలో నగరంలో, చెల్లెలు ఫెలీ ఇంటి వెనక గదిలో బియ్యం బస్తాల పక్కన మంచం మీద పడుకుని ఉంది. ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు. కిటికీ తెర కూడా తియ్యనివ్వదు.

ఇరవై మూడేళ్ళుగా మూడో తరగతి చెప్పిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. గదికి యాభై మంది పిల్లలు, ఇంటికి మోసుకెళ్ళి దిద్దే నోటు పుస్తకాల కట్టలు, నిలబడి నిలబడి అరిగిన మోకాళ్ళు. నలభై ఏడేళ్ళ వయసులో అరిజోనాలో ఒక బడి పిలిచింది, వీసా కూడా పాస్‌పోర్టు మీద పడింది. అప్పుడైనా కాస్త ఆగాల్సింది. ప్రిన్సిపాల్ సలూద్ మేడం నెత్తీ నోరూ కొట్టుకుంది, "జీతం లేని సెలవు పెట్టుకోండి, రాజీనామా ఎందుకండీ?" అని. "వెనక్కి చూసే మనిషిని కాదు మేడం నేను," అంటూ దివినా రాజీనామా రాసిచ్చేసింది.

మా వైపు ఎవరైనా పై దేశం వెళ్తున్నారంటే వీడ్కోలు విందు తప్పదు. విమానం ఎక్కాక జరిపే విందు కాదుగా, ముందే జరిపి తీరాలి. అందులోనే ఉంది ప్రమాదమంతా. పంది కాలింది, ఫాదర్ వచ్చి దీవించాడు, బడి గేటుకు దివినా ముఖంతో నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. అమెరికా నుంచి పంపాల్సిన చాక్లెట్లకూ, సబ్బులకూ, చెప్పులకూ వీధి వీధంతా పేర్లిచ్చింది. మర్నాడు వ్యాన్ ఎక్కించి, మలుపు తిరిగేదాకా చేతులు ఊపారు. ఆ మధ్యాహ్నం ఆవిడ చెల్లెలింట్లో అన్నం ముందు కూర్చోగానే మనీలా నుంచి ఏజెన్సీ అమ్మాయి ఫోన్ చేసింది.

"మేడం, ఆ బడిని పక్క బడిలో కలిపేశారట. మీ పోస్టు లేదు."

"మరి వీసా ఉందిగా?"

"ఆ బడి పేరు మీద ఇచ్చిన వీసా కదా మేడం, బడి లేకపోతే అదీ లేనట్టే. జూలై నెలాఖరులోపు ఇంకో బడి దొరికితే మళ్ళీ కాగితాలు పెడదాం. మీరు మాత్రం ఆశ వదులుకోకండి."

ఆశ వదులుకోవద్దని చెప్పడానికి ఆ పిల్లకేం పోయింది! దివినా రోజూ ఫోన్ చేసింది. మొదటి వారం "చూస్తున్నాం" అన్నారు, రెండో వారం "మీ వయసు అడుగుతున్నారు మేడం" అన్నారు, తర్వాత ఫోనే ఎత్తలేదు. ఈలోగా ఊరి నుంచి మెసేజీలు. అక్కడ చలిగా ఉందా? ఏం తింటున్నారు? ఒక్క ఫొటో అయినా పెట్టరేం? అన్నిటికీ ఒకటే జవాబు, "ఇంకా సర్దుకుంటున్నాను." అబద్ధం చెప్పకూడదని ఇరవై మూడేళ్ళు పిల్లల చేత వల్లె వేయించిన మనిషి.

"అక్కా, ఊరెళ్ళి విషయం చెప్పెయ్యి," అంది ఫెలీ.

"ఏ మొహం పెట్టుకుని వెళ్ళనే? పంది తిన్నవాళ్ళకి ఇంకా అరగనే లేదు."

"నా బియ్యం బస్తాల మధ్య ముసలిదానివైపోతావా మరి? పగలబడి నవ్వుతారు, అంతేగా! నవ్వి నవ్వి వాళ్ళే అలసిపోతారు."

దివినా గోడ వైపు తిరిగి పడుకుంది. సిగ్గు కంటే అలసటే ఎక్కువగా ఉంది ఆవిడకు. చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పాలి, ప్రతి గుమ్మం దగ్గరా చెప్పాలి.

గురువారం నాడు బడి టీచర్ల గ్రూపులో మెసేజ్ వచ్చింది. ఆవిడను అందులోంచి తీసెయ్యడం ఎవరికీ గుర్తులేదు. మూడో తరగతి కొత్త టీచరు కాగితాలు రేపు పదింటికి జిల్లా ఆఫీసుకు పంపుతున్నాం, అని ఉంది. దివినా లేచి కూర్చుంది. పర్మనెంటు పోస్టు. ఒకసారి చేయి దాటిందంటే ఈ వయసులో మళ్ళీ ఎవరిస్తారు? రాజీనామా వెనక్కి తీసుకుంటున్నట్టు నాలుగు వాక్యాలు రాయడానికి ఆవిడకు సాయంత్రమంతా పట్టింది.

శుక్రవారం పొద్దున్నే జీపెక్కి ఊళ్ళో దిగింది. బుట్ట ముందు పెట్టుకుని చేపలమ్మే నేనా అనే ఆవిడకు మొదట కనిపించింది.

"అరె, మేడం! వచ్చేశారా?"

"వెళ్ళనేలేదు, నేనా. ఉద్యోగం పోయింది."

"అట్టాగా! పోన్లెండి, మా చిన్నది ఈ ఏడు మూడో తరగతికొచ్చింది. దానికి లెక్కలంటే చచ్చే భయం," అంటూ నేనా మళ్ళీ చేపల మీద ఈగల్ని తోలుకోవడంలో పడింది.

అంతే. బడి గేటు దగ్గర ఎవరూ నవ్వలేదు. సలూద్ మేడం కూడా నవ్వలేదు. ఉత్తరం చదివి కళ్ళజోడు తీసింది.

"మీ రాజీనామా మీద ఆఫీసు ఇంకా సంతకం పెట్టలేదు. ఇది ఇప్పుడు పంపితే పోస్టు మీదే. కొత్తమ్మాయి కాగితాలు ఆపేస్తాను." ఉత్తరం తిరిగి దివినా చేతికిస్తూ, "కొత్తమ్మాయి మన జోనలినే," అంది.

జోనలిన్ దివినా చేతి కింద మూడో తరగతి చదివిన పిల్ల. టీచరు పరీక్ష పాసయ్యి ఏడేళ్ళయింది. ఏడేళ్ళూ ప్రైవేటు బడిలో సగం జీతానికి చెబుతూ, ప్రతి ఏడాదీ సర్కారు బడి పోస్టుల వరసలో తన పేరు ఎక్కడుందో చూసుకుంటూ ఉంది.

దివినా వెళ్ళేసరికి ఆ పిల్ల తరగతి గదిలో గోడకు పిల్లల పేర్ల అట్టలు అంటిస్తోంది. గబగబా వచ్చి, పెద్దవాళ్ళకు దండం పెట్టే మా పద్ధతిలో, దివినా చేయి తీసుకుని నుదుటికి ఆనించుకుంది.

"మేడం! అమెరికా నుంచి అప్పుడే వచ్చేశారా?"

దివినా దాచకుండా అంతా చెప్పింది, చేతిలో ఉన్న ఉత్తరం సంగతి కూడా. జోనలిన్ ముఖంలో నవ్వు మెల్లగా తగ్గింది. కిటికీలోంచి బయటికి చూసింది. చిన్నప్పుడు తెలియని ప్రశ్న అడిగితే కూడా ఇలాగే చూసేది.

"మీ గది కదా మేడం ఇది," అంది చివరికి. "నాదేముంది, వచ్చే ఏడు చూసుకుంటాను."

వద్దమ్మా, నువ్వే ఉండు, అనాలి ఇక్కడ. ఆ మాట గొంతు దాకా వచ్చిందని దివినాకు తెలుసు. దాన్ని అక్కడే మింగేసిందని కూడా తెలుసు. వెళ్ళి ఉత్తరం సలూద్ మేడం చేతిలో పెట్టింది. పదింటి కవరులో అది వెళ్ళిపోయింది.

పద్దెనిమిది రోజులు ఊరు నవ్వుతుందని భయపడింది ఆవిడ. ఊరికి అంత తీరికే లేదు. తిరిగి గదిలోకి వచ్చేసరికి జోనలిన్ ఎవరూ చెప్పకుండానే అట్టలు ఒక్కొక్కటీ చిరగకుండా ఊడదీసి, వరసగా పేర్చి, దివినా చేతికిచ్చింది.

"రెండు రాత్రులు కూర్చుని రాశాను మేడం. స్పెల్లింగులు ఒకసారి చూసుకోండి."