చుక్కి మెడలో రేడియో

మా బావ సుబ్బరాయన్ పొలం మధ్యలో నిలబడి, చేతి రేడియోను గుండెకు హత్తుకుని, కళ్ళు మూసుకుని తన చుట్టూ తాను మెల్లగా తిరిగేవాడు. తమిళనాట ధర్మపురి పక్కన మా ఇండూరులో ఆ దారిన పోయే ఆడవాళ్ళు అదేదో మొక్కు అనుకుని పక్కకు తప్పుకునేవాళ్ళు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయేది. నాది పిండిమర. పొద్దున్నే రాగులు, గోధుమలు ఎత్తుకుని జనం వచ్చేస్తారు. వచ్చినవాళ్ళు ఊరికే ఉంటారా? "ఏం మంజునాథా, మీ బావకి ఏ సామి వచ్చినాడు?" అని అడుగుతారు. ఏం చెప్పను? అక్క మొగుడైపోయాడు కాబట్టి నోరు మూసుకునేవాణ్ణి.

బావకు ధర్మపురిలో మోటారు కాయిల్ చుట్టే షాపు ఉంది. కాలిపోయిన బావి మోటార్లు వస్తే నల్లబడిన తీగ పీకేసి కొత్త రాగి తీగ చుట్టి ఇస్తాడు. అది అన్నం పెట్టే పని. తెల్లవారుజామున మాత్రం ఆయన వేరే మనిషి. ముందు గదిలో బల్ల మీద రేడియో పెట్టె, మిద్దెకూ కొబ్బరిచెట్టుకూ మధ్య లాగి కట్టిన తీగ, గోడ నిండా 'మీ మాట మాకు అందింది' అని ఎవరెవరో పంపిన కార్డులు. పరీక్ష రాసి సర్కారు లైసెన్సు తెచ్చుకున్న హామ్ రేడియో మనిషి మరి! కడప, మైసూరు, కొచ్చి, ఇంకా పేరు తిరగని దేశాలు, ఎక్కడెక్కడివాళ్ళతోనో మాట్లాడతాడు. అంతంత దూరం ఏం మాట్లాడుకుంటారో చూద్దామని ఒకరోజు పక్కన కూర్చున్నాను. మీ గొంతు బాగా వినబడుతోంది, నాది ఎట్లా ఉంది అంటాడు ఈయన. మీది కూడా బాగుంది అంటాడు అవతలాయన. అంతే, అయిపోయింది!

"దీనికా బావా లైసెన్సు?" అన్నాను.

"రేయ్, నిన్న వినబడని ఊరు ఈపొద్దు వినబడినాది. ఎందుకు వినబడినాది? అది తెలుసుకోవల్ల గదా" అన్నాడు.

ఆ 'ఎందుకు' అనేదే ఆయన జబ్బు. మామిడి పూత పిందె పట్టే రోజులు వచ్చాయంటే ఇక ఇంట్లో కాలు నిలవదు. చేతి రేడియో నడుముకు తగిలించుకుని గుట్టలు పట్టి తిరుగుతాడు. ఏ గుట్ట మీంచి మాట్లాడితే సేలం అందుతుంది? కానుగచెట్టు కొత్త ఆకు వేశాక దాని కింద నిలబడితే శబ్దం తగ్గుతుందా? మోడుగా ఉన్నప్పుడు ఎట్లా ఉండింది? ఇవీ ఆయన పరీక్షలు. తిరిగొచ్చేటప్పుడు ఒడిలో చింతచిగురు తెచ్చి అక్క చేతిలో పోస్తాడు కాబట్టి మా సరసక్క కూడా తిట్టేది కాదు.

అయితే ఒక దిగులు ఆయన లోపల ఉండేది. ఇన్ని ఊళ్ళు వినే ఆ పెట్టెతో మా వీధిలో ఒక్కరికి కూడా పని పడలేదు. ఇన్నేళ్ళలో ఒక్కరు కూడా వచ్చి ఇది చేసిపెట్టు అని అడగలేదు. రెండువేల ఐదో సంవత్సరంలో మొదటిసారి అడిగింది గోపమ్మ.

గోపమ్మ మా పక్కింటామె. మాకు పెద్దమ్మ వరస, బావకు అత్త. మొగుడు పోయాడు, కొడుకు మాదేశ్ హోసూరులో కట్టడం పనికి పోతాడు. ఇంట్లో ఆమె, ఆమె ఆవు చుక్కి, ఇద్దరే. ముందటి ఏడు ఈనే సమయానికి చుక్కి పలుపు తెంచుకుని గుట్టల్లోకి పోయి ఎక్కడో ఈనింది. వెతికి పట్టుకునేలోపల కుక్కలు దూడను చంపేశాయి. దూడ లేకపోతే నాటు ఆవు చేపుతుందా? ఏడాదంతా చుక్క పాలు లేవు. ఇప్పుడు చుక్కి మళ్ళీ నిండు చూలుతో ఉంది. కట్టేస్తే తెంచుకుంటుంది, గొలుసు వేస్తే మేత ముట్టదు. "ఈ తూరి కూడా దూడ దక్కకపోతే సంతకి తోలేస్తా. నువ్వు వచ్చి నాతో హోసూరులో ఉండు" అని మాదేశ్ తేల్చి చెప్పేసి పోయాడు. గోపమ్మకు మోకాళ్ళ నొప్పి, గుట్ట ఎక్కలేదు.

"అల్లుడా, యాడో ఉండేవాళ్ళతో మాట్లాడతావంట గదా. నా చుక్కి యాడుండేదీ చెబుతాదా నీ పెట్టె?" అని అడిగింది.

నేను పకపకా నవ్వాను. బావ నవ్వలేదు. ఆయన ముఖం పెళ్ళినాడు కూడా అంత వెలగలేదు.

"చెబుతాది అత్తా" అన్నాడు.

ఈ రేడియోవాళ్ళకు సేలంలో ఒక ఆట ఉందట. ఒకడు చిన్న పెట్టెను పొదల్లో దాచేస్తాడు. అది కాసేపటికొకసారి 'పీ' అని అరుస్తూ ఉంటుంది, మిగతావాళ్ళు చేతి రేడియోలతో దాన్ని వెతకాలి. ఆ ఆట పెట్టె బావ దగ్గర ఉంది. దాన్ని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, చుక్కి మెడకు కట్టాడు. అప్పుడుగానీ ఆ చుట్టూ తిరగడం ఏమిటో నాకు అర్థం కాలేదు. రేడియోను గుండెకు ఆనించుకుంటే వెనకనుంచి వచ్చే శబ్దానికి మన ఒళ్ళే అడ్డం. మెల్లగా తిరుగుతూ పోవాలి. ఎక్కడ శబ్దం బాగా సన్నబడిందో, పెట్టె సరిగ్గా మన వీపు వెనక ఉన్నట్టు.

చూద్దాం, ఎంతవరకు పోతుందో అని ఎగతాళికే మొదటిరోజు వెంట వెళ్ళాను. రెండోరోజు మరను మా ఇంటిదానికి అప్పజెప్పి నేనే ముందు బయలుదేరాను. ఇన్నేళ్ళుగా చూస్తున్న ఆవు పగలంతా ఎక్కడ తిరుగుతుందో ఎవడికి తెలుసు? మంద నుంచి మెల్లగా విడిపోయి తుమ్మచెట్ల కింద రాలిన కాయలు తింటుంది. ఎండ ముదిరితే వాగు ఇసుకలో, కానుగ నీడలో పడుకుంటుంది. దాని వెనకే పోతే మేమూ ఆ నీడకే చేరేవాళ్ళం. నేల మీద తెల్లగా కానుగపూలు, పైన తేనెటీగల రొద, పొదలో పికిలిపిట్ట గూడు. ఆ పూల వాసనకు నాకు నిద్ర వచ్చేది. బావ మాత్రం, "రేయ్, ఇసకలో పడుకుంటే శబ్దం ఎందుకురా ఇంత తగ్గినాది?" అంటూ ఆవునూ రేడియోనూ మార్చి మార్చి చూసేవాడు.

ఉగాది అయిన రెండోనాడు పొద్దున గోపమ్మ కుంటుకుంటూ వచ్చింది. చేతిలో తెగిన పలుపు.

"పోయినాదిరా మంజూ! పాలు తీద్దామని కాదు, సుమ్మా, ఊరికే చూద్దామని పోతే కొట్టం ఖాళీ! ఈపొద్దే ఈనేస్తాదిరా!"

సెల్ ఫోన్లు అప్పటికి మా ఊరికి వచ్చాయి గానీ గుట్టల వైపు పనిచేయవు. అందుకని బావ ఇంట్లో రేడియో వేసి, "మేము చెప్పేది దీంట్లో వినబడతాది. ఈడే కూర్చోండి. ఏమీ ముట్టుకోవద్దు" అని అక్కకూ గోపమ్మకూ చెప్పాడు. లైసెన్సు లేని చెయ్యి మైకు ముట్టుకుంటే ఆయనకు నచ్చదు. పెళ్ళాన్ని కూడా ముట్టుకోనిచ్చేవాడు కాదు.

వాగు దాటేసరికి శబ్దం అందింది. బావ తిరిగాడు, చెయ్యి చూపించాడు, ఇద్దరం పరిగెత్తాం. ఎక్కేకొద్దీ శబ్దం పెరుగుతోంది. మోదుగలు దాటి, ముళ్ళు గీరుకుంటూ పైకి పోతే ఎదురుగా పెద్ద బండ. గోడలాగా నిలువునా ఉంది. మేక కూడా నిలబడలేదు దాని మీద. శబ్దం మాత్రం నేరుగా దాంట్లోంచే వస్తోంది.

"ఏం బావా, చుక్కి బండలో దూరిందా?" అరిచాను. నిజంగానే కోపం వచ్చింది. అక్కడ ఆవు ఈనుతూ ఉంటే ఇక్కడ మేము రాతిని చూస్తూ నిలబడ్డాం.

బావ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "మోసపోయినామురా! మనం కేకేస్తే బండకి తగిలి తిరిగొస్తాది గదా, ఇదీ అంతే. ఆవు మన వెనకాల పల్లంలో ఉండాది. దాని శబ్దం వచ్చి దీనికి తగిలి మనకి వినబడతా ఉండాది."

ఎక్కినదంతా దిగాం. జారుకుంటూ, పడుతూ పల్లానికి వచ్చాం. సగం దారిలో 'పీ' అనే శబ్దం ఆగిపోయింది. బావ రేడియోను తట్టాడు, తిప్పాడు, చెవికి ఆనించుకున్నాడు. ఏమీ లేదు.

"ఆవు పడుకునేటప్పుడు డబ్బా నలిగిపోయిందేమో" అన్నాడు.

పల్లమంతా కంపచెట్లు, మనిషి దూరే సందు లేదు. ఎక్కడో కుక్కలు మొరుగుతున్నాయి. ఎటువైపో తెలియదు, ఆ మొరుగుడు కూడా బండకు తగిలి నాలుగు వైపులనుంచీ వస్తోంది. నేను "చుక్కీ! చుక్కీ!" అని గొంతు చించుకున్నాను. అది నా మాట ఎప్పుడు విన్నది గనక? గోపమ్మ పిలిస్తే తప్ప పలకదు. ఆ మాటే విసుగ్గా అన్నాను: "ఇప్పుడు పెద్దమ్మ ఈడ ఉండాల్సింది!"

బావ నన్ను చూశాడు. వెంటనే రేడియోను మాట్లాడే వైపుకు మార్చి, బండకు ఎదురుగా నిలబడ్డాడు. పల్లంలోంచి నేరుగా ఊరు అందదు, కానీ బండకు తగిలితే అందవచ్చు.

"సరసూ! ఆ మైకు తీసి అత్త చేతికియ్యి. పక్కన బొత్తాం ఉండాది, ఒత్తి పెట్టుకుని చుక్కిని పిలవమను!"

కాసేపు గరగర. తరువాత అక్క గొంతు: "నిజంగా ఒత్తేదా? మళ్ళా నన్ను అరవకూడదు, చెబుతా ఉండాను!"

"అమ్మా తల్లీ, ఒత్తవే!"

అప్పుడు గోపమ్మ గొంతు వచ్చింది. "చుక్కీ... బా, బా, బా... నా చుక్కీ, యాడుండావే..."

బావ శబ్దం పూర్తిగా పెంచి రేడియోను తలపైకి ఎత్తి పట్టుకున్నాడు. కంపల్లో ఎడమ పక్కనుంచి, మాకు చాలా దగ్గరగా, చుక్కి అరిచింది.

ముళ్ళు చూసుకోలేదు, దూరిపోయాం. చుక్కి వెనక భాగం ఒక గుండురాయికి ఆనించి నిలబడింది. దాని కాళ్ళ సందులో తడితడిగా ఎర్రటి దూడ, లేవడానికి చూస్తూ పడిపోతోంది. ఎదురుగా మూడు కుక్కలు. రాళ్ళు అందుకుని కొట్టాం. అవి పోయాయి గానీ చుక్కి మమ్మల్ని కూడా కుక్కల్లాగే చూసింది. నేను ఒక అడుగు వేస్తే కొమ్ములు దించింది.

"అత్తా, దూడ బతికే ఉండాది. చుక్కి మమ్మల్ని రానీదు. దాంతో మాట్లాడు, ఆపవద్దు" అన్నాడు బావ రేడియోలో.

ఆమె ఆపలేదు. "ఒసే, మన మంజు గదే. పొడవద్దే నా తల్లీ. బిడ్డని ఎత్తుకోనీ, ఇంటికి తెస్తాడు..." చుక్కి చెవులు రేడియో వైపు తిప్పింది, తల మెల్లగా పైకెత్తింది. నేను గుండె చిక్కబట్టుకుని దూడను ఎత్తుకున్నాను.

అట్లా నడిచాం. ముందు రేడియో ఎత్తి పట్టుకుని బావ, వెనక దూడతో నేను, నా భుజం మీద ఊపిరి వదులుతూ చుక్కి. మాటలు ఆగితే చుక్కి ఆగుతుంది, అందుకని గోపమ్మ మాట్లాడుతూనే ఉంది. పిలుపులు అయిపోయాయి, ముద్దు మాటలు అయిపోయాయి. ఇక లోపలివి వచ్చాయి. చనిపోయిన మొగుడి సంగతి చెప్పింది, మోకాలి సంగతి చెప్పింది. "నిన్ను తోలేసి నేను హోసూరు పోయి ఏం చేసేదే? ఆ ఇంట్లో అందరూ పనికి పోతారు. నేను ఎవురితో మాట్లాడేది? ఈడ నువ్వుండావు, పొద్దున లేస్తే అరుస్తావు..."

నాకు కళ్ళనిండా నీళ్ళు, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. బావ వెనక్కి తిరిగి చూడలేదు. ఎన్నో ఊళ్ళ మాటలు విన్న మనిషి, పక్కింటి మనిషి మాట ఆ పెట్టెలో వినడం అదే మొదలు.

మా వీధి మొదట్లోకి రాగానే రేడియో కీచుమని ఊళ పెట్టింది. దాని శబ్దం కిటికీలోంచి మళ్ళీ మైకులో పడుతోంది. బావ దాన్ని ఆపేశాడు. చుక్కి ఆగిపోయింది, చెవులు అటూ ఇటూ తిప్పింది. అప్పుడు కిటికీలోంచి అదే గొంతు వినబడింది. చుక్కి మమ్మల్ని తోసుకుని కిటికీ దగ్గరికి పోయింది, నేను దూడతో వెనకే పరిగెత్తాను.

గోపమ్మ కళ్ళు మూసుకుని మైకును రెండు చేతులా పట్టుకుని ఇంకా మాట్లాడుతోంది. అక్క ఆమె భుజం మీద చెయ్యి వేసి, "పెద్దమ్మా, ఇట్ల తిరిగి చూడు" అంది.

కిటికీ ఊచల మధ్య చుక్కి మూతి. పక్కన నా చేతుల్లో దూడ.

గోపమ్మ ఏడవలేదు, నవ్వలేదు. మైకును ఊచల దగ్గరికి తీసుకుపోయి చుక్కి మూతికి ఆనించింది. "అరువే! హోసూరులో మాదేశుకి వినబడల్ల, గట్టిగా అరువే!" అంది.

ఆ మాట హోసూరు చేరదని బావకు తెలియదా? మాదేశ్ దగ్గర అసలు రేడియోనే లేదు. అయినా ఆయన చెప్పులు కూడా విప్పకుండా లోపలికి వెళ్ళి, గోపమ్మ వేలు జారిపోతుంటే, బొత్తాన్ని తన వేలితో ఒత్తి పట్టుకున్నాడు.